ఆటలో గణితం ఎక్కడుంది? చిన్నపిల్లల లెక్కల చదువుపై వాదాలు, ఆధారాలు

నాలుగేళ్ల పాప ఒకటి నుంచి ఇరవై వరకు తడుముకోకుండా చెబుతుంది. బుట్టెడు చెక్క దిమ్మలు ముందు పెట్టి "నాకు ఐదు ఇవ్వు" అంటే మాత్రం గుప్పెడు తీసి చేతిలో పోస్తుంది. అవి ఏడు ఉండవచ్చు, పది ఉండవచ్చు. "ఇవి ఐదేనా?" అని అడిగితే అవునని తలూపుతుంది. ఇరవై వరకు వచ్చిన పాపకు ఐదు రాలేదా? ఇంకా రాలేదనే చెప్పాలి.

మూడు నుంచి ఏడేళ్ల లోపు పిల్లలకు గణితాన్ని ఆటలతో, చిన్న చిన్న సమస్యలతో నేర్పాలని ఇప్పుడు చాలా పాఠ్యప్రణాళికలు చెబుతున్నాయి. బడి నుంచి వచ్చిన బిడ్డ "ఈరోజు దిమ్మలతో ఆడుకున్నాం" అంటే తల్లిదండ్రులకు దిగులు: మరి లెక్కలు ఎప్పుడు నేర్పుతారు? అంకెలు రాయించడం, ఎక్కాలు చెప్పించడం కంటికి కనిపించే చదువు. దిమ్మల ఆటలో చదువు కనిపించదు. ఈ దిగులును తేలిగ్గా తీసిపారేయడం న్యాయం కాదు, ఎందుకంటే కొన్ని ఆటల్లో నిజంగానే గణితం ఉండదు. ఉన్నది ఎక్కడ, లేనిది ఎక్కడ అని విడదీసి చూస్తే తప్ప ఈ చర్చ తెగదు.

ఒప్పజెప్పడం, లెక్కపెట్టడం, సంఖ్య తెలియడం

మనం "లెక్కపెట్టడం" అని ఒక్క మాటలో తేల్చేసే పనిలో ఎన్ని తెలివితేటలు దాగి ఉన్నాయో 1978లో రోషెల్ గెల్మన్, రాండీ గాలిస్టెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు విడమరచి చూపించారు. ఒక్కో వస్తువుకు ఒక్క పేరే చెప్పాలి. దేన్నీ వదలకూడదు, రెండుసార్లు తాకకూడదు. పేర్ల వరుస ఎప్పుడూ ఒకేలా ఉండాలి. చివరగా పలికిన సంఖ్యే మొత్తం ఎన్ని ఉన్నాయో చెబుతుంది. వస్తువులే కాదు, చప్పట్లనూ గెంతులనూ కూడా లెక్కపెట్టవచ్చు. ఏ చివర నుంచి మొదలుపెట్టినా మొత్తం మారదు.

వీటిలో పిల్లలు ఎక్కువగా తడబడేది చివరి సంఖ్యే మొత్తం అనే నియమం దగ్గర. బిడ్డ ఆరు బొమ్మలను వేలితో తాకుతూ "ఒకటి, రెండు... ఆరు" అని చక్కగా లెక్కపెడుతుంది. వెంటనే "ఎన్ని ఉన్నాయి?" అని అడిగితే జవాబు చెప్పకుండా మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టడం ప్రారంభిస్తుంది. ఆమెకు "ఎన్ని" అనే ప్రశ్న ఆ వరుసను మరోసారి చెప్పమన్నట్టు వినిపిస్తుంది. చివరి మాట ఆ గుంపు మొత్తానికీ పేరు అనే సంగతి ఇంకా అందలేదు.

ఇది అందడానికి పట్టే కాలం కూడా పెద్దలు అనుకునే దానికంటే ఎక్కువ. కారెన్ విన్ 1990 ప్రాంతంలో చేసిన పరిశోధనల్లో కనిపించిన క్రమం ఇది: పిల్లలకు మొదట ఒకటి అర్థమవుతుంది, రెండు అడిగినా నాలుగు అడిగినా గుప్పెడే ఇస్తారు. కొన్ని నెలలకు రెండు. ఇంకొన్ని నెలలకు మూడు. ఆ తర్వాత ఒక దశలో ఒక్కసారిగా, తమకు వరుస తెలిసినంత వరకు ఏ సంఖ్య అడిగినా సరిగ్గా లెక్కపెట్టి ఇవ్వగలుగుతారు. ఈ నియమాలు పుట్టుకతోనే మనసులో ఉంటాయని గెల్మన్ పక్షం వాదించింది. కాదు, అనుభవంతో మెట్టు మెట్టుగా కట్టుకుంటారని విన్ లాంటివారి వాదం. ఆ వాదం ఎలా ముగిసినా, వరుస ఒప్పజెప్పడానికీ సంఖ్య తెలియడానికీ మధ్య చాలా దూరం ఉందన్న విషయంలో ఇద్దరికీ పేచీ లేదు.

అలాగని వరుస నేర్చుకోవడం పనికిమాలిన పనేమీ కాదు. వరుస రాకుండా లెక్కపెట్టడం కుదరదు. పైగా పిల్లలు దాన్ని చిలక పలుకుల్లా మాత్రమే నేర్చుకోరు. ఇరవై తొమ్మిది తర్వాత చాలామంది "ఇరవై పది, ఇరవై పదకొండు" అంటారు. ఆ మాట వారికి ఎవరూ నేర్పలేదు. సంఖ్యల పేర్లలో ఒక నియమం ఉందని సొంతంగా కనిపెట్టి, దాన్ని ఒక అడుగు ఎక్కువ ముందుకు లాగారు. నా దృష్టిలో అది తప్పు రూపంలో ఉన్న గణితం. "తప్పు, ముప్పై అనాలి" అని ఊరుకోకుండా, ఇంకో పది నిండితే పేరు మారుతుందని పది దిమ్మల కట్టతో చూపిస్తే ఆ బిడ్డ స్థానవిలువ గుమ్మంలో అడుగుపెట్టినట్టే.

పిల్లల జవాబుకు మన ప్రశ్న కూడా కారణమే

స్విట్జర్లాండ్ మనస్తత్వ శాస్త్రవేత్త జీన్ పియాజే 1940లలో వివరించిన ఒక ప్రయోగం చాలా ప్రసిద్ధి. రెండు వరుసల్లో సమానంగా బిళ్లలు పేర్చి, రెండూ సమానమేనని బిడ్డ చేత ఒప్పించి, ఆమె చూస్తుండగానే ఒక వరుసను దూరం దూరంగా జరుపుతారు. ఇప్పుడు ఏ వరుసలో ఎక్కువ ఉన్నాయని అడిగితే నాలుగైదేళ్ల పిల్లలు చాలామంది పొడవైన వరుసను చూపిస్తారు. దీని ఆధారంగా, ఈ వయసు పిల్లలకు సంఖ్య అనే భావన ఇంకా ఏర్పడదని పియాజే భావించారు. తొందరపడి లెక్కలు నేర్పడం వృథా అన్న అభిప్రాయం చాలా దేశాల్లో దశాబ్దాల పాటు నిలవడానికి ఈ ఆలోచన ఒక కారణం.

1970ల మధ్యలో జేమ్స్ మెక్‌గారిగల్, మార్గరెట్ డొనాల్డ్‌సన్ అదే ప్రయోగాన్ని ఒక చిన్న మార్పుతో చేశారు. వరుసను పరిశోధకుడు జరపలేదు. అల్లరి ఎలుగుబొమ్మ ఒకటి పెట్టెలోంచి తప్పించుకొచ్చి చెదరగొట్టినట్టు నటించారు. ఈసారి "రెండూ సమానమే" అన్న పిల్లల సంఖ్య బాగా పెరిగింది. పెద్దాయన కావాలని జరిపి, అడిగిన ప్రశ్నే మళ్లీ అడిగితే, ఏదో మారి ఉండాలి కాబోలునని పిల్లలు అనుకున్నారన్నది వారి వివరణ. దీనిపై తర్వాత అభ్యంతరాలూ వచ్చాయి: ఎలుగుబొమ్మ అల్లరిలో పడి పిల్లలు బిళ్లల వైపే చూడలేదేమోనని కొందరు సందేహించారు. ఎటు చూసినా, పిల్లలకు ఏది తెలుసో చెప్పే ముందు మనం ఏమి అడిగామో, ఎలా అడిగామో చూసుకోవాల్సిన అవసరాన్ని ఈ ప్రయోగం బలంగా ముందుకు తెచ్చింది. పిల్లల గణితంలో కథ, బొమ్మ, సందర్భం ఎందుకు ముఖ్యమో చెప్పడానికి ఇంతకంటే మంచి ఆధారం నాకు కనిపించలేదు.

"ఆట" అనే ఒక్క మాటలో మూడు పద్ధతులు

ఆటతో నేర్పడం గురించి వాదించుకునేవారు చాలాసార్లు వేర్వేరు విషయాల గురించి మాట్లాడుతుంటారు. అందుకే ఈ మూడింటినీ విడివిడిగా చూడాలి.

మొదటిది స్వేచ్ఛగా ఆడే ఆట. బిడ్డే మొదలుపెడుతుంది, బిడ్డే నడుపుతుంది, పెద్దలు కలగజేసుకోరు. రెండోది దారి చూపే ఆట. పెద్దవారు ఒక ఉద్దేశంతో వస్తువులను అమరుస్తారు, మధ్యలో ఒక ప్రశ్న వేస్తారు, ఆట పగ్గాలు మాత్రం బిడ్డ చేతిలోనే ఉంటాయి. మూడోది నియమాలున్న ఆట: పాచికలు, గళ్ల పటాలు, చుక్కల కార్డులు. వీటిలో గణితం నియమంలోనే ఇమిడి ఉంటుంది.

బయటికి ఆటలా కనిపించినా వీటిలో దేనికీ చెందనిది ఇంకొకటి ఉంది. 3 + 2 పక్కన రంగురంగుల ఎలుగుబంటి బొమ్మ వేసి, జవాబు రాస్తే చప్పట్లు వినిపించే ఫోన్ యాప్ లాంటిది. అక్కడ ఎలుగుబంటి తీసేసినా లెక్క మారదు. అది అభ్యాసానికి తొడిగిన రంగుల చొక్కా. అభ్యాసంగా అది ఉపయోగపడవచ్చు గానీ, దాన్ని ఆట ద్వారా బోధన అనడం సరికాదు.

స్వేచ్ఛగా ఆడే ఆటలోనూ గణితం పుష్కలంగా ఉంటుంది. దిమ్మలతో వంతెన కట్టే బిడ్డకు రెండు స్తంభాలూ ఒకే ఎత్తులో ఉండాలని, పొడవు దిమ్మ దొరక్కపోతే రెండు పొట్టివి కలపవచ్చని చేతులు చెబుతాయి. 1830లలో జర్మనీలో ఫ్రీడ్రిక్ ఫ్రోబెల్ చిన్నపిల్లల కోసం చెక్క ఘనాలు, స్తూపాలు, గోళాలు ప్రత్యేకంగా తయారుచేయించింది అందుకే. అయితే ఆ తెలివి మాటగా మారకపోతే చేతిలోనే ఉండిపోతుంది. "ఇటువైపు స్తంభం ఎందుకు మార్చావు?" అని ఒకరు అడిగినప్పుడు "అది పొట్టిగా ఉంది, పైది వంకరైంది" అని బిడ్డ చెప్పగలిగితే అక్కడ కొలత గురించి ఒక ఆలోచన పుట్టింది.

ఆకారాలపై కెల్లీ ఫిషర్, ఆమె సహచరులు 2013లో ప్రచురించిన ప్రయోగం ఈ తేడాను చక్కగా పట్టి ఇస్తుంది. నాలుగైదేళ్ల పిల్లల్లో ఒక జట్టుకు త్రిభుజం లక్షణాలను నేరుగా చెప్పారు. ఒక జట్టును ఆకారాలతో ఇష్టం వచ్చినట్టు ఆడుకోనిచ్చారు. మూడో జట్టు పిల్లలను, ఆకారాల రహస్యం కనిపెట్టే ఆటలో పెట్టి ప్రశ్నలతో నడిపించారు. సన్నగా, తలకిందులుగా, పక్కకు ఒరిగి ఉండే త్రిభుజాలను గుర్తించడంలో మూడో జట్టే ముందుంది. ఈ వయసులో చాలామందికి త్రిభుజం అంటే పుస్తకంలో నిటారుగా నిలబడ్డ బొమ్మ మాత్రమే. మూడు భుజాలు, మూడు మూలలు ఉంటే చాలన్న సంగతి ఊరికే ఆడుకుంటే దొరకలేదు, ఊరికే వింటే అంతగా నిలవలేదు.

గళ్ల ఆట నుంచి గణితం ఎలా వస్తుంది

రాబర్ట్ సీగ్లర్, గీత రమణి 2008లో ప్రచురించిన అధ్యయనం చాలా సాదాసీదాది. ఒకే వరుసలో పది గళ్లున్న పటం. గళ్లలో 1 నుంచి 10 వరకు అంకెలు. ఒకటో రెండో చూపించే చక్రాన్ని తిప్పి, వచ్చినన్ని గళ్లు బొమ్మను జరపాలి. పేద కుటుంబాల నుంచి వచ్చిన నాలుగైదేళ్ల పిల్లలు రెండు వారాల్లో నాలుగుసార్లు, సుమారు పావుగంట చొప్పున ఈ ఆట ఆడారు. ఒక గీతపై ఏ సంఖ్య ఎక్కడ ఉంటుందో అంచనా వేయడంలో వారు బాగా మెరుగుపడ్డారు. గళ్లలో అంకెలకు బదులు రంగులున్న అదే ఆట ఆడిన పిల్లల్లో ఆ మెరుగుదల రాలేదు. గళ్లను గుండ్రంగా పేర్చిన పటం కూడా తిన్నని వరుస అంత ఉపయోగపడలేదని ఆ తర్వాతి ప్రయోగంలో తేలింది.

ఆట ఒకటే, ఆడే పిల్లల సంబరం ఒకటే, కానీ ఫలితం వేరు. ఎందుకంటే అంకెల పటంలో పెద్ద సంఖ్యను చేరాలంటే ఎక్కువ దూరం పోవాలి, ఎక్కువసార్లు జరపాలి, ఎక్కువ పేర్లు పలకాలి, ఎక్కువ సేపు పడుతుంది. పెద్ద సంఖ్య అంటే ఏమిటో కన్ను, చెయ్యి, నోరు ఒకేసారి చెబుతాయి. రంగుల పటంలో ఆ జోడింపు లేదు.

ఇంకాస్త దగ్గరగా చూద్దాం. బొమ్మ 5వ గడిలో ఉంది. రెండు పడింది. బిడ్డ "ఒకటి, రెండు" అంటూ 7వ గడికి చేరవచ్చు. లేదా "ఆరు, ఏడు" అంటూ చేరవచ్చు. రెండు దారుల్లోనూ బొమ్మ సరైన గడిలోనే ఆగుతుంది. మొదటి దారిలో బిడ్డ గళ్లలోని అంకెలను చూడాల్సిన పనే లేదు. రెండో దారిలో ఐదుకు రెండు కలిపితే ఏడని, పేరు పెట్టకుండానే కూడుతోంది. 2014లో ఎలిడా లాస్కి, సీగ్లర్ వంద గళ్ల పటంతో పరీక్షించినప్పుడు, ఉన్న అంకె నుంచి ముందుకు లెక్కపెట్టినవారికే ప్రయోజనం కలిగింది. ప్రతిసారీ ఒకటి నుంచి మొదలుపెట్టినవారికి ఆ లాభం దక్కలేదు. ఆట కొనిస్తే చాలదని, పక్కన కూర్చున్నవారు ఆ ఒక్క మాట తీరును అలవాటు చేయాలని దీని అర్థం.

8 − 5: ఒకే లెక్క, మూడు కథలు

ఇప్పుడు సమస్యల సంగతి. ముందుగా కూడిక, తీసివేత నేర్పి, బాగా వచ్చాక మాటల లెక్కలు ఇవ్వాలన్నది మనందరికీ అలవాటైన క్రమం. ఈ క్రమాన్ని తలకిందులు చేసిన పరిశోధన థామస్ కార్పెంటర్ బృందానిది. వారి ప్రశ్న ఇది: ఏ పద్ధతీ నేర్పకముందే పిల్లలు మాటల లెక్కలను ఎలా చేస్తారు?

ఈ మూడు లెక్కలు చూడండి.

బుట్టలో 8 బంతులున్నాయి. 5 బయటికి దొర్లిపోయాయి. బుట్టలో ఎన్ని ఉన్నాయి?

బుట్టలో 5 బంతులున్నాయి. ఇంకా కొన్ని వేశాను. ఇప్పుడు 8 ఉన్నాయి. ఎన్ని వేశాను?

నా దగ్గర 8 బంతులు, నీ దగ్గర 5. నా దగ్గర ఎన్ని ఎక్కువ ఉన్నాయి?

పెద్దలకు ఇవి మూడూ 8 − 5. ఐదేళ్ల బిడ్డకు మూడు వేర్వేరు సంఘటనలు. మొదటి దానికి ఎనిమిది దిమ్మలు పెట్టి ఐదు పక్కకు జరిపి మిగిలినవి లెక్కపెడుతుంది. రెండో దానికి దేన్నీ తీయదు. ఐదు పెట్టి, "ఆరు, ఏడు, ఎనిమిది" అంటూ ఒక్కొక్కటే చేర్చి, చేర్చినవి ఎన్నో చూస్తుంది. మూడో దానికి రెండు వరుసలు పేర్చి, జత దొరకని దిమ్మలను లెక్కిస్తుంది. మూడుసార్లూ జవాబు మూడే. కథలో ఏమి జరిగిందో దాన్నే చేతులతో మళ్లీ జరిపిస్తుంది తప్ప, "ఇది కూడికా, తీసివేతా" అని ఆలోచించదు.

1993లో వెలువడిన వారి అధ్యయనంలో, ఏడాది పొడవునా ఇలాంటి సమస్యలు చేస్తూ వచ్చిన 70 మంది కిండర్‌గార్టెన్ (ఒకటో తరగతికి ముందరి తరగతి) పిల్లలకు తొమ్మిది లెక్కలు ఇచ్చారు. గుణకారం, భాగహారం, రెండు మెట్ల లెక్కలు కూడా అందులో ఉన్నాయి. 32 మంది తొమ్మిదింటికీ సరైన పద్ధతే వాడారు. 44 మంది ఏడు లేదా అంతకంటే ఎక్కువ లెక్కలకు సరైన జవాబు చెప్పారు. ఒక్కటీ చేయలేనివారు ఐదుగురే. "15 బంతులను సంచికి 3 చొప్పున వేస్తే ఎన్ని సంచులు కావాలి" అనే తరహా లెక్కకు భాగహారం అనే పేరు తెలియాల్సిన పని లేదు. మూడేసి గుంపులు పెట్టుకుంటూ పోయి గుంపులను లెక్కపెడితే ఐదు వస్తుంది. అదే "15 బంతులను 3 సంచుల్లో సమానంగా సర్దు" అంటే ఒక్కో సంచిలో ఒక్కొక్కటి వేస్తూ తిరుగుతారు. కాగితం మీద రెండూ 15 ÷ 3. చేతుల్లో మాత్రం పనులు పూర్తిగా వేరు, మొదటి ఐదు సంచుల సంఖ్య, రెండో ఐదు ఒక్కో సంచిలోని బంతుల సంఖ్య.

పెద్ద తరగతుల్లో "మొత్తం అని ఉంటే కూడు, మిగిలినవి అని ఉంటే తీసివేయి" అనే చిట్కా విస్తృతంగా చలామణిలో ఉంది. దాని వల్ల జరిగే నష్టం ఈ లెక్కలో బయటపడుతుంది: "బాబు తన బంతుల్లో 3 స్నేహితుడికి ఇచ్చాడు. ఇంకా 5 మిగిలాయి. మొదట ఎన్ని ఉండేవి?" మిగిలాయి అన్న మాట పట్టుకున్నవారు 5లోంచి 3 తీసి 2 అంటారు. కథను మనసులో నడిపించినవారు 8 అంటారు. కథను నడిపించే సహజమైన తెలివి ఐదేళ్లకు ఉండి ఎనిమిదేళ్లకు మాయమైతే, ఆ మాయం చేసిన బాధ్యత మన బోధనదే.

దారి ముందే తెలిస్తే అది సమస్య కాదు

జవాబుకు దారి ముందే తెలిసి ఉంటే అది అభ్యాసం. తెలియకపోతే సమస్య. కాబట్టి 6 + 3 ఒక బిడ్డకు అభ్యాసం, మరో బిడ్డకు నిజమైన సమస్య. ఈ తేడా లెక్కలో ఉండదు, చేసేవారి దగ్గర ఉంటుంది.

ఒక ఉదాహరణ. రెండు పడవలు, ఎర్రది ఒకటి, నీలం రంగుది ఒకటి. ఐదు ఎలుగుబొమ్మలు. ఎన్ని రకాలుగా ఎక్కించవచ్చు? మొదట్లో పిల్లలు తోచినట్టు ఎక్కిస్తారు: ఎర్రదాంట్లో మూడు, నీలందాంట్లో రెండు. తర్వాత నాలుగు, ఒకటి. పెద్దవారు ఒక్కో అమరికనూ బొమ్మగా గీసి పెడతారు. కాసేపటికి ఒకరు "ఇది ఇందాకే వచ్చింది" అంటారు. మరొకరు "ఖాళీ పడవ ఉండొచ్చా?" అని అడుగుతారు. సున్నా గురించి ఎవరూ పాఠం చెప్పలేదు; అవసరం కొద్దీ అది తలుపు తట్టింది. ఉండొచ్చని ఒప్పుకుంటే ఆరు రకాలు, ఉండకూడదంటే నాలుగు.

అసలు గణితం ఈ తర్వాతి ప్రశ్నలో ఉంది: "ఇంకా ఏవైనా మిగిలాయా? అన్నీ అయిపోయాయని మనకెలా తెలుస్తుంది?" ఎవరో ఒకరు గీసిన కాగితాలను వరుసలో పెట్టడం మొదలుపెడతారు. ఎర్ర పడవలో ఐదు, నాలుగు, మూడు, రెండు, ఒకటి, సున్నా. ఎర్రదాంట్లో ఒకటి తగ్గినప్పుడల్లా నీలందాంట్లో ఒకటి పెరుగుతోంది. ఐదుకు వచ్చే కూడికలన్నీ అక్కడే ఉన్నాయి, పైగా ఇక లేవని నమ్మడానికి కారణం కూడా ఉంది. గణితంలో నిరూపణ అంటే ఏమిటో దాని మొదటి రుచి ఇది. ఇందులో పెద్దవారి పని చిన్నది కాదు. సరైన సమయంలో ఆ ప్రశ్న వేయకపోతే ఆట ఎలుగుబొమ్మల షికారుగానే ముగిసిపోయేది. తోడు ఉంటే చేయగలిగి, ఒంటరిగా ఇంకా చేయలేని ఈ చోటునే రష్యన్ మనస్తత్వ శాస్త్రవేత్త వైగోట్‌స్కీ వికాసానికి అసలైన నేలగా గుర్తించారు.

చేతిలో ఉన్నది కాగితం మీదికి రావాలంటే

ఆటను ఇష్టపడేవారు ఎక్కువగా దాటవేసే సమస్య ఇది. పెట్టెలో రెండు దిమ్మలు వేసి మూతపెట్టి, ఇంకొకటి వేసి, "లోపల ఎన్ని?" అంటే చూడకుండానే మూడు అని చాలామంది చిన్నపిల్లలు చెబుతారు. అదే బిడ్డను "రెండుకు ఒకటి కలిపితే ఎంత?" అంటే తెల్లముఖం వేస్తుంది. మార్టిన్ హ్యూస్ 1986లో ప్రచురించిన పరిశోధనలో ఈ తేడా పదేపదే కనిపించింది. దేనికి రెండు, దేనికి ఒకటి? వస్తువు లేని సంఖ్య ఆ బిడ్డకు ఇంకా పరాయి భాష.

భాష పరాయిదైతే దాన్ని నేర్పాలి. ఆట మీద ఎంత నమ్మకమున్నా ఇది దానంతట అదే జరుగుతుందనుకోకూడదు. ఢిల్లీలో మోయిరా డిల్లన్, ఎలిజబెత్ స్పెల్కీ, ఎస్తేర్ డఫ్లో తదితరులు 214 పూర్వ ప్రాథమిక కేంద్రాల్లోని 1,540 మంది పిల్లలతో చేసి 2017లో ప్రచురించిన ప్రయోగం ఈ విషయంలో గట్టి హెచ్చరిక. చుక్కల గుంపుల్లో ఏది ఎక్కువో చూపుతో అంచనా వేయడం, ఆకారాలను పోల్చడం లాంటి ఆటలు నాలుగు నెలలు ఆడించారు. ఆ సహజ నైపుణ్యాలు పెరిగాయి, ఏడాది తర్వాత కూడా నిలిచాయి. ప్రాథమిక బడిలో నేర్పే అంకెల గణితంలో మాత్రం ఆ పిల్లలు మిగతావారికంటే ముందు లేరు.

దీన్ని రెండు రకాలుగా చదువుతున్నారు. ఆటల వల్ల బడి లెక్కలకు ఒరిగేదేమీ లేదని కొందరు. ఆ ఆటల్లో అంకెలతో, సంఖ్యల పేర్లతో ముడి వేయలేదు కాబట్టే ఫలితం బడి లెక్కల దాకా రాలేదని మరికొందరు. నాకు రెండో వివరణే ఎక్కువ సబబుగా తోస్తుంది. సీగ్లర్, రమణి పటంలో అంకెలు ఉండటానికీ, లేకపోవడానికీ మధ్య కనిపించిన తేడా దానికి తోడు నిలుస్తుంది.

ముడి వేయడం ఎలాగో హ్యూస్ ప్రయోగాల్లోనే ఒక చక్కని నమూనా ఉంది. నాలుగు డబ్బాలు, వాటిలో వేర్వేరు సంఖ్యల్లో దిమ్మలు, ఒకటి ఖాళీ. మూతలు పెట్టేసి కలిపేస్తారు. ఏ డబ్బాలో ఎన్ని ఉన్నాయో మూత తీయకుండా తెలియాలంటే ఏం చేద్దాం? పిల్లలు మూతలపై అంటించిన కాగితాలపై ఏవో గుర్తులు వేస్తారు: కొందరు గీతలు, కొందరు దిమ్మల బొమ్మలు, కొందరు అంకె. మళ్లీ కలిపాక తమ గుర్తును చూసి డబ్బాను కనిపెడతారు. అంకె ఎందుకు పుట్టిందో ఆ బిడ్డకు ఇప్పుడు తెలుసు. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త జెరోమ్ బ్రూనర్ 1960లలో చెప్పిన మూడు మెట్లు, అంటే చేతితో చేయడం, బొమ్మగా గీయడం, గుర్తుతో రాయడం, ఇక్కడ ఒకే ఆటలో కలుస్తాయి.

నేరుగా చెప్పాలనేవారి వాదంలో బలం

పాల్ కిర్ష్నర్, జాన్ స్వెల్లర్, రిచర్డ్ క్లార్క్ 2006లో చేసిన వాదన ఇప్పటికీ ఈ చర్చకు కేంద్రం. మనసు ఒకేసారి పట్టి ఉంచగలిగినవి చాలా కొద్ది. కొత్తగా నేర్చుకునేవారిని దారి తెలియని సమస్యలో వదిలేస్తే ఆ కాస్త శక్తీ వెతుకులాటకే ఖర్చయిపోతుంది, నేర్చుకోవడానికి ఏమీ మిగలదు. చేసి చూపించిన ఉదాహరణలే వారికి మేలు. లూయిస్ అల్ఫియెరి బృందం 2011లో 164 అధ్యయనాలను కలిపి పరిశీలించినప్పుడు, సాయం లేకుండా సొంతంగా కనుక్కోమని వదిలేయడం కంటే స్పష్టంగా చెప్పడమే మెరుగని తేలింది.

అదే పరిశీలనలో రెండో సగం కూడా ఉంది: సాయంతో, ప్రశ్నలతో, వివరణలతో కూడిన అన్వేషణ మిగతా పద్ధతుల కంటే మెరుగైన ఫలితాలిచ్చింది. దారి చూపే ఆటపై 39 అధ్యయనాలను కలిపి 2022లో వచ్చిన విశ్లేషణలో, తొలి గణిత నైపుణ్యాల్లో నేరుగా బోధించడం కంటే దానికి కొద్దిపాటి ఆధిక్యం, ఆకారాల జ్ఞానంలో ఇంకాస్త ఎక్కువ ఆధిక్యం కనిపించింది. అంటే అసలు తగాదా ఆటకూ బోధనకూ మధ్య కాదు. సాయం ఉన్నదానికీ లేనిదానికీ మధ్య.

కొన్ని విషయాలు చెప్పి తీరాల్సినవే. ఆరు అంకె ఎటు తిరిగి ఉంటుందో, సమానం గుర్తు ఎలా రాస్తారో ఎంత ఆడినా ఎవరూ కనిపెట్టలేరు. అవి మనుషులు చేసుకున్న ఏర్పాట్లు. ఐదుకు ఎన్ని కలిపితే ఎనిమిది అవుతుందో, ఎందుకలా అవుతుందో మాత్రం చూసి కనుక్కోగలిగినది.

కంఠస్థం సంగతీ అంతే. 7 + 5 కోసం బిడ్డ మొదట పన్నెండు దిమ్మలూ లెక్కపెడుతుంది. తర్వాత ఏడు నుంచి మొదలుపెట్టి ఎనిమిది, తొమ్మిది, పది, పదకొండు, పన్నెండు అంటుంది. ఆపై ఐదును మూడు, రెండుగా విడదీసి ఏడును పది చేసుకుంటుంది. చివరకు పన్నెండు అని తటాలున చెబుతుంది. ఆ చివరి మెట్టు నిజంగా అవసరం, లేకపోతే పెద్ద లెక్కల మధ్యలో చిన్న కూడిక దగ్గరే మనసు అలసిపోతుంది. పేచీ అంతా, మధ్య మెట్లు ఎక్కకుండా చివరి మెట్టుకు ఎగరవచ్చా అన్నదే. ఎగిరిన బిడ్డ 7 + 5 మరచిపోతే ఆమెకు వెనక్కి వెళ్లే దారి లేదు. వేళ్లు వాడవద్దని ఐదేళ్లకే మందలించడంలో ఉన్న చిక్కు ఇదే.

ఆ లాభం ఎంతకాలం నిలుస్తుంది

గ్రెగ్ డంకన్ బృందం 2007లో అమెరికా, కెనడా, బ్రిటన్‌లకు చెందిన ఆరు దీర్ఘకాలిక సమాచార సంపుటాలను పరిశీలించింది. బడిలో చేరేనాటి గణిత నైపుణ్యాలు ఆ తర్వాతి చదువును అంచనా వేయడంలో అన్నిటికంటే ముందున్నాయి. చదవడం, శ్రద్ధ ఆ తర్వాతే. చిన్నవయసు గణితంపై ప్రభుత్వాలు ఆసక్తి చూపడానికి ఈ ఫలితం ఒక పెద్ద కారణం. అయితే ముందే లెక్కలు వచ్చిన పిల్లల వెనుక ఇల్లు, భాష, ఆదాయం వంటివి ఎన్నో ఉంటాయి. పరిశోధకులు వాటిలో చాలావరకు లెక్కలోకి తీసుకున్నా, ఒకటి రెండోదాన్ని సూచించడం, ఒకటి రెండోదానికి కారణం కావడం వేర్వేరు సంగతులు.

ఆటలతో సాధించిన ముందంజ రెండు మూడేళ్లలో కరిగిపోవడం కూడా పదేపదే కనిపిస్తోంది. చిన్ననాటి బోధన బలహీనమని కొందరు దీన్ని వ్యాఖ్యానిస్తారు. తప్పు తర్వాతి తరగతిలో ఉందని ఇంకొందరు. మిమి ఎంగెల్, ఎమీ క్లాసెన్స్, మైడా ఫించ్ 2013లో అమెరికా కిండర్‌గార్టెన్‌లపై ప్రచురించిన అధ్యయనం రెండో పక్షానికి బలమిస్తుంది. అత్యధిక పిల్లలు అంకెలు, మామూలు ఆకారాలు ముందే తెలుసుకుని ఆ తరగతికి వచ్చారని అందులో తేలింది. ఉపాధ్యాయులు గణితానికి కేటాయించిన సమయంలో ఎక్కువ భాగం వాటికే వెచ్చించారు. ఐదు ఎలుగుబొమ్మలను ఆరు రకాలుగా పడవలెక్కించి, అంతకంటే రకాలు లేవని కారణం చూపించిన బిడ్డకు ఒకటో తరగతిలో మళ్లీ ఐదు పువ్వులకు రంగులు వేసి పక్కన 5 రాయమంటే, ఏడాది చివర్లో ఆమెకూ పక్కన కూర్చున్న బిడ్డకూ తేడా కనిపించకపోవడంలో ఆశ్చర్యం లేదు.